మోటారు కారు ముందు అద్దమును మార్చుట

తెలుగున అద్దమను మాటకు రెండు పనులు కలవు. ముఖము చూచుకొనునదియు అద్దమే. అవతలనున్న వస్తువును చూపునదియు అద్దమే. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పేర్కొన్న అద్దము మొదటి జాతిది. ఆ కాలమున అట్టి అద్దములను లోహపు పలకకు మెరుగుపెట్టి చేయుచుండిరి. కొరింథు పట్టణము కంచుపనికి పేరు పొందినది. ఈ వ్యాసము రెండవ జాతి అద్దమును గూర్చినది. అందును మోటారు కారునకు ముందు నిలిచి, గాలిని దుమ్మును రాళ్లను బయటనే ఆపి, వెలుతురును మాత్రము లోనికి రానిచ్చు అద్దమును గూర్చినది.

మన పై తరగతుల బాలురలో కొందరికి పాత కార్లను విడదీసి మరల నిలబెట్టు పనియందు మిక్కిలి మక్కువ కలదని నేనెరుగుదును. ఇంజను పని నేర్పువారు చంద్రగిరిలోను తిరుపతిలోను పలువురు కలరు. అద్దము పనిని మాత్రము అందరును తుదకు విడిచిపెట్టి, రంగు వేసిన తరువాత తొందరతో ముగింతురు. అందుచేత భౌతికశాస్త్ర పాఠమునకు తోడుగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట కిట్ కారు అనగా నేమో చెప్పవలెను. కారు శరీరమును, దానికి వలయు కొన్ని భాగములను విడివిడిగా పెట్టెలలో కొని, ఏదేని పాత కారునుండి ఇంజనును, ఇరుసులను, చట్రమును తీసికొని, ఇంటియొద్దనే కూర్చుకొను కారునకు ఆ పేరు. ఇంగ్లండు దేశమున ఈ అలవాటు హెచ్చు. అచ్చట 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డు కారునకు చట్రము వేరు, శరీరము వేరు. శరీరపు భాగములు కూడ బోల్టులతో విడదీయదగినవి. కావున స్పార్టన్, జెంట్రీ మొదలగు కిట్ కార్లు ఆ చట్రముపైననే లేచినవి. ఆ హెరాల్డే 1961 మొదలుకొని స్టాండర్డు హెరాల్డు అను పేర మద్రాసులో తయారైనది. మన పెద్దలలో దాని నెక్కినవారు ఇప్పటికిని ఉన్నారు. మన దేశమున కిట్ కార్లు అరుదు. మహారాష్ట్రములోని అలీబాగు దగ్గర చింకారా మోటార్సు వారు రోడ్‌స్టరు అను రెండు సీట్ల ఫైబరు కారును చేసిరి. మనకు సమీపమున బెంగుళూరులో సిపానీ వారు 1980ల దశకమున డాల్ఫిన్ అను చిన్న కారును చేసిరి. డాల్ఫిన్ పెట్టెలో వచ్చిన కారు కాదు గాని, ఇంగ్లండునందలి రిలయంట్ కిట్టెన్ కారునుబట్టి చేసినదగుటచేత దాని శరీరము కిట్ కార్లవలెనే ఫైబరు గ్లాసుతో చేయబడినది. అందుచేత దాని అద్దము మార్చువానికి కలుగు చిక్కులును కిట్ కారు వాని చిక్కులే. ఇట్టి ఫైబరు శరీరమును మనస్సున నుంచుకొని ఈ పాఠమును చెప్పుచున్నాను.

పాత కారు ముందు అద్దము పగిలినదనగానే వినబడు మొదటి సలహా యొకటి కలదు. "దీనికి అసలు అద్దము ఎక్కడ దొరకును? కిటికీ గాజు కోయించి పెట్టించుము. ఆదివారమున ఒకసారి బయటకు తీయు బండికి అంతకన్న ఏమి కావలెను?" అని. ఈ సలహా చౌకైనది, మిక్కిలి అపాయకరమైనది. కిటికీ గాజు పగిలినప్పుడు కత్తులవంటి పొడుగు పెంకులగును. అవి మొదట చేరునది తోలువాని కన్నులకును మెడకును. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా, ఎదురుగా అంతే వేగముతో వచ్చు కంకర లారీనుండి ఒక రాయి జారెననుకొందము. ఆ రాయి అద్దమును తాకు వేగము గంటకు 120 కిలోమీటర్లు, అనగా సెకనుకు 33 మీటర్లు. ఇంత వేగము రావలెనన్న ఆ రాతిని సుమారు 56 మీటర్ల ఎత్తునుండి క్రిందికి విడువవలెను. విద్యార్థులు పతన వస్తువుల సూత్రముతో దీనిని స్వయముగా లెక్కించి చూడవలెను. భాకరాపేట కనుమదారిలోనైనను, పాకాల రోడ్డుపైనైనను ఇట్టి రాయి ఆదివారమని చూచి ఆగదు.

కావున మొదటి ప్రశ్న, ఏ గాజు పెట్టవలెను అనునది. మోటారు వాహనములకు రెండు విధములైన రక్షణ గాజులు కలవు.

ఒకటి ల్యామినేటెడు గాజు. దీని కథ వినదగినది. 1903లో ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుడగు ఎడ్వర్డు బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక గాజు బుడ్డి పైనుండి క్రిందపడి పగిలినది గాని పెంకులు చెదరలేదు. విచారింపగా, పూర్వము అందులో ఉంచిన సెల్యులోజు నైట్రేటు ద్రవము ఆరిపోయి, లోపల సన్నని పొరయై గాజును పట్టుకొనియున్నదని తేలినది. ఆయన 1909లో రెండు గాజు పలకల నడుమ అట్టి పొరను అతికించు పద్ధతికి హక్కు పొందెను. మొదటి ప్రపంచ యుద్ధమున విషవాయువునుండి కాపాడు ముసుగుల కన్నులకు ఈ గాజును వాడిరి. ఆ తొలి పొర ఎండకు పసుపు వన్నె తిరుగుచుండెను. 1930ల దశకమున దాని స్థానమున పాలీవినైల్ బ్యూటిరల్ అను మెత్తని జిగురు పొర వచ్చినది. నేటికిని అదే వాడుకలో నున్నది. నేటి కారు ముందు అద్దమున సుమారు రెండేసి మిల్లీమీటర్ల పలకలు రెండు, వాటి నడుమ సాధారణముగా 0.76 మిల్లీమీటరు పొర యుండును. రాయి తగిలినప్పుడు సాలెగూడువలె బీటలు వారును గాని, పలక నిలిచియే యుండును. దాని గుండ దారి కనబడును. తోలువాడు బండిని ప్రక్కకు తీసి ఆపుకొనగలడు.

రెండవది టఫెన్డు గాజు. గాజు పలకను సుమారు 620 మొదలు 650 డిగ్రీల వరకు కాచి, రెండు ముఖములపైనను చల్లని గాలిని ఒక్కసారిగా ఊదుదురు. పైపొర మొదట గట్టిపడును. లోపలి భాగము తరువాత చల్లారుచు ముడుచుకొని పైపొరను లోనికి లాగును. అందువలన పైపొర ఎప్పుడును నొక్కుడు బలముక్రిందనే యుండును. మన కోటలోని రాజమహలు వంపులను చూచినవారికి ఈ కిటుకు సులభముగా తెలియును. రాయియు ఇటుకయు లాగినచో విడిపోవును, నొక్కినచో నిలుచును. వంపు కట్టిన శిల్పి ప్రతి రాతిని దాని పొరుగు రాయి నొక్కునట్లు అమర్చెను. అదే ఉపాయమును గాజు పలకలోపల వేడి, గాలి జరిపించుచున్నవి. ఇట్టి గాజు సామాన్యమైన గాజుకన్న నాలుగైదు రెట్లు దెబ్బకోర్చును. కాని ఒకచోట ఆ నొక్కుడు పొర తెగినదా, పలక యంతయు ఒక్క క్షణమున చిన్న గులకలుగా రాలిపోవును. గులకలు కోయవు, ప్రక్క అద్దములకు ఇది మంచిదే. ముందు అద్దమునకైతే పగిలిన క్షణమున తెల్లని తెర దిగినట్లు దారి మాయమగును. టఫెన్డు చేసిన తరువాత ఆ గాజును కోయుటకు గాని, రంధ్రము చేయుటకు గాని వీలు లేదు.

చట్టమును ఈ భేదమును గుర్తించినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 100వ నియమము, వాహనముల అద్దములు రక్షణ గాజువై యుండవలెననియు, ఆ నియమములు అమలునకు వచ్చిన మూడేండ్ల తరువాత తయారగు వాహనముల ముందు అద్దము ల్యామినేటెడు గాజుదై యుండవలెననియు విధించినది. ముందు వెనుక అద్దముల గుండ నూటికి 70 వంతులకు తగ్గకుండ వెలుతురు పోవలెను. అంతకు పూర్వపు కారునకు ముందు టఫెన్డు గాజు ఉండవచ్చును. ఉన్నను, మార్చునప్పుడు ల్యామినేటెడు గాజే పెట్టవలెనని నా దృఢమైన అభిప్రాయము. గాజు మూలలో చెరపరాని చిన్న ముద్ర యుండును. అందు గాజు జాతియు, ఐ.ఎస్.ఐ. గుర్తును, ఐ.ఎస్. 2553 అను ప్రమాణ సంఖ్యయు చూచిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను. ముద్ర లేని గాజును ఎంత తియ్యని మాటలు చెప్పి అమ్మినను కొనరాదు.

దొరకని అద్దమును చేయించుట ఎట్లు? జీపునకును, కొన్ని రెండు సీట్ల కిట్ కార్లకును ఉన్నట్టి చదునైన అద్దమైనచో చిక్కు లేదు. ల్యామినేటెడు పలకను రెండు ముఖములను గీచి, రెండు వైపులను విరిచి, నడిమి పొరను బ్లేడుతో తెంపి, కావలసిన ఆకారమునకు కోయవచ్చును. వంపు తిరిగిన అద్దమైనచో, రెండు పలకలను జంటగా అచ్చుపై పరచి, కొలిమిలో మెత్తబడి తమ బరువుచేతనే దిగునట్లు చేసి, పిదప నడిమి పొర నతికింతురు. ఇది కార్ఖానా పని. అందుచేత వంపు అద్దముగల కారునకు పాత అద్దము బాగుగా నున్నంతవరకు దానిని కాపాడుకొనుటయే తెలివి. పగిలినదైనను దాని ముక్కలను పారవేయక, కొలతకును వంపునకును నమూనాగా దాచుకొనవలెను.

ఇక గాజు బలమును గూర్చి ఒక మాట. 1921లో ఇంగ్లండునందు గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు గాజుపై పరిశోధించి ప్రకటించిన సంగతి యేమనగా: గాజు అణువుల బంధములనుబట్టి లెక్కించిన బలము మిక్కిలి గొప్పది, చేతికి వచ్చు గాజు బలము అందు స్వల్పభాగము మాత్రమే. ఏలయన, గాజు పైన కంటికి కానరాని గీతలు వేలకొలది కలవు. లాగుడు బలము ప్రతి గీత కొనయందును కూడుకొని దానిని లోనికి చీల్చును. అద్దమున గీతలు మెండుగా నుండునది దాని అంచున. కావున కోసిన అంచును నున్నగా అరగదీయింపవలెను. గాజును నేలపై ఆనింపవలసివచ్చిన గోనెసంచియో దుప్పటియో పరచి యానింపవలెను. సిమెంటు గచ్చుపై ఒక్కసారి అంచు తగిలిన గాజు, బిగించిన నెల దినములకు ఎవరును ముట్టకయే చీలుట కలదు.

పాత అద్దమును తీయుట మొదలుపెట్టుదము. వైపరు చేతులను, లోపలి చూపుటద్దమును మొదట విప్పవలెను. అద్దము చుట్టునున్న రబ్బరు బీడింగు ఏండ్ల యెండకు ఎముకవలె గట్టిపడియుండును. స్క్రూడ్రైవరుతో దానిని పెకలించు అలవాటు మన షెడ్డులలో మెండు. గాజు అంచున ఉక్కు మొన తగిలినచో అంతటితో సరి. రబ్బరు ఎటులను క్రొత్తది వేయవలసినదే. కావున దాని బయటి పెదవిని పదునైన కత్తితో చుట్టును కోసివేయవలెను. పిదప ఒకరు లోపల కూర్చుండి రెండు అరచేతులతో పై మూలనుండి మెల్లగా నెట్టగా, బయటివారిద్దరు అద్దమును అందుకొనవలెను. చేతులకు తోలు తొడుగులు, కన్నులకు కళ్లజోడు తప్పనిసరి.

అద్దము వచ్చిన తరువాత కనబడునది చట్రము. పని యంతటికిని ఇదియే ప్రాణము. ఇనుప శరీరమైనచో త్రుప్పును చూడవలెను. ఫైబరు శరీరమునకు త్రుప్పు లేదు గాని దాని కొరత వేరు. అది అచ్చులో చేతితో పొరలు పొరలుగా వేసినది. ఒకచోట మూడు మిల్లీమీటర్ల మందము, జానెడు దూరమున ఐదు. రబ్బరు గాడి ఒకే మందమునకు చేయబడినది. మందమైనచోట రబ్బరు పూర్తిగా దిగక గాజును బయటకు నెట్టును. పలుచనైనచోట వదులై నీరు కారును. కావున అంచు చుట్టును ప్రతి బెత్తెడు దూరమున మందమును కొలిచి, లావుగా నున్నచోట గరుకు కాగితముతో దించి, సన్నగా నున్నచోట ఫైబరు మ్యాటును రెసినును వేసి పెంచి సమము చేయవలెను. ఫైబరు దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. ముక్కునకు ముసుగు లేనిదే ఈ పని ముట్టరాదు.

పిదప రబ్బరు లేకుండ గాజును చట్రముపై ఉత్తగా ఉంచి చూడవలెను. ఒక మూలను వ్రేలితో తాకినప్పుడు ఎదుటి మూల లేచినయెడల, చట్రము మెలిక తిరిగియున్నదని గుర్తు. కుంటి పీట ఊగునట్లు గాజు ఊగరాదు. రబ్బరు మెత్తనిది గదా, అది సర్దుకొనునని చెప్పి బిగించువారున్నారు. రబ్బరు కొంత సర్దుకొనును. మిగిలిన మెలికను గాజే భరింపవలెను. వంగుటకు గాజు ఒప్పుకొనదు. నా అనుభవమున, క్రొత్త అద్దము కారణము లేక చీలినదని చెప్పినచోట నెల్ల చట్రమును కొలువలేదనియే తేలుచు వచ్చినది. గాజును చట్రమునకు లొంగదీయరాదు; చట్రమును గాజునకు తగినట్లు దిద్దవలెను.

రబ్బరు ఎందులకు? నీరు కారకుండుటకు మాత్రమే యని విద్యార్థులు తలతురు. ఈ లెక్కను చూడుడు. అద్దము వెడల్పు 1,200 మిల్లీమీటర్లు అనుకొందము. ఉదయము 25 డిగ్రీలున్న కారు చిత్తూరు సీమ మే నెల యెండలో నిలిచి 65 డిగ్రీలకు వేడెక్కెను. హెచ్చు 40 డిగ్రీలు. గాజు వ్యాకోచము డిగ్రీకి పది లక్షలలో 9 వంతులు. కావున అద్దము 1,200 × 40 × 9 ÷ 10,00,000, అనగా 0.43 మిల్లీమీటరు పెరుగును. ఉక్కు వ్యాకోచము 12 వంతులు; ఉక్కు చట్రము 0.58 మిల్లీమీటరు పెరుగును. చేతితో పొరలు వేసిన ఫైబరునకు సుమారు 25 వంతులు, అది 1.2 మిల్లీమీటరు పెరుగును. ఫైబరునకును గాజునకును భేదము ముప్పాతిక మిల్లీమీటరుకు పైగా. ప్రతి దినము ఉదయము, సాయంకాలము ఈ భేదము పెరుగుచు తరుగుచుండును. దానిని మ్రింగుచున్నది రబ్బరు. ఎండలో కాగిన అద్దముపై చన్నీళ్లు గుమ్మరించుట ఎందుకు కూడదో కూడ దీనిచేతనే తెలియును. ఒకే పలకలో పైముఖము ముడుచుకొనగోరును, లోముఖము ఒప్పుకొనదు.

బిగించు దినమున క్రొత్త రబ్బరును ఒక గంట యెండలో ఉంచినచో మెత్తబడును. ఈ ఒక్క పనికి మన యెండ స్నేహితుడు. రబ్బరును మొదట గాజు చుట్టును తొడుగవలెను. చట్రమును పట్టుకొను గాడిలో గట్టి నైలాను త్రాటిని చుట్టును దూర్చి, రెండు కొనలను క్రింది అంచు నడుమ ఒకదానిపై నొకటి జానెడు దాటునట్లు లోపలి వైపునకు విడువవలెను. గాడికిని చట్రపు అంచునకును సబ్బునీళ్లు పూయవలెను. నూనెగాని గ్రీసుగాని పూయరాదు, అవి రబ్బరును తినివేయును. ఇద్దరు బయటనుండి గాజును చట్రమున కానించి అరచేతులతో నొక్కుచుండగా, లోపలివాడు త్రాటి కొనను అద్దమునకు సమాంతరముగా మెల్లమెల్లగా లాగవలెను. త్రాడు వచ్చినకొలది రబ్బరు లోపలి పెదవి చట్రపు అంచును దాటి లోనికి ఎక్కును. బయట నొక్కు చేయి, లోపల త్రాడు లాగు చేయి ఎదురెదురుగా ఒకేచోట నుండవలెను. మొదట క్రింది అంచు, పిదప ప్రక్కలు, తుదకు పైయంచు. ఎచ్చటనైన ఆగినచో బలము హెచ్చింపక, మరికొంత సబ్బునీరు పోసి వేచియుండవలెను. పిడికిలితో గ్రుద్దుట ఎన్నడును కూడదు. రబ్బరు మధ్య బిగువు పట్టీ గల కార్లకు, గాజు కూర్చున్న తరువాతనే ఆ పట్టీని ఎక్కింపవలెను.

నేటి క్రొత్త కార్లకు రబ్బరు గాడి లేదు. పాలీయురిథేను జిగురుతో గాజును శరీరమునకే అతికింతురు. అట్టి గాజు కారు పైకప్పు బలమునకు కూడ తోడ్పడును. పాత ఫైబరు కారునకు కూడ అట్లే అతికించిన నీటి బాధ పోవునని కొందరందురు. క్రొత్త అద్దముల అంచున నల్లని పట్టీ యొకటి కాల్చి వేయబడియుండుటను చూచియుందురు. అది అందమునకు మాత్రమే కాదు, ఎండలోని అతినీల కిరణములు జిగురును తినివేయకుండ కాచునది. పాత అద్దమునకు ఆ పట్టీ లేదు. తగిన ప్రైమరు లేక అట్లు అతికించిన జిగురు క్రమముగా పట్టు విడుచును. మరల తీయవలసివచ్చినప్పుడు ఫైబరు పొర కూడ ఊడివచ్చును. గాడి గల కారునకు గాడియే మేలు.

తుదకు నీటి పరీక్ష. రబ్బరునకును గాజునకును నడుమ, రబ్బరునకును శరీరమునకును నడుమ సీలెంటు సన్నగా ఎక్కించి, అది ఆరిన మరునాడు, లోపలి అంచు చుట్టును ముఖమునకు పూయు పౌడరును పలుచగా చల్లవలెను. బయటనుండి ఒకరు పైయంచునుండి తోటగొట్టముతో పది నిమిషములు నీరు విడువవలెను. ఒత్తిడి అక్కరలేదు, వానవలె కురిసిన చాలును. పౌడరులో తడి గీత ఎచ్చట మొదలిడునో అచ్చటనే రంధ్రము. నీరు చేరిన క్రింది మూలను చూచి మోసపోరాదు. గుర్తు పెట్టి, ఆరనిచ్చి, అచ్చట మాత్రము మరల సీలెంటు వేసి, మరల నీరు విడిచి చూడవలెను. మొదటి నూరు కిలోమీటర్లు నడచిన పిదప మూలలయందు రబ్బరు పెదవి లేచినదేమో వ్రేలితో తడవి చూచి, వైపరు చేతులను అప్పుడు తుదిసారిగా బిగింపవలెను.